రక్తంలో పట్టా వెతకొద్దు

మన గ్రూపుల్లో ఒక బొమ్మ తిరుగుతా ఉంది. మీకూ వచ్చే ఉంటుంది. వరసగా నిలువు గీతలు, ఒక్కో గీత ఒక్కో మనిషి, గీతలో రెండు మూడు రంగులు. కింద కులాల పేర్లు, తెగల పేర్లు. తీసిన పరిశోధకుల పేరు ఉండదు, ఏ సంవత్సరందో ఉండదు. పైన మాత్రం ఎర్రక్షరాల్లో ఒక తీర్పు ఉంటుంది.

తమాషా ఏందంటే, ఇట్లాంటి బొమ్మల మీదే మూడు వేరువేరు తీర్పులు చూసినాను. ఒకటి: భారతీయులందరిదీ ఒకే డీఎన్‌ఏ, ఆదివాసి అనే మాటే తెల్లోడి కుట్ర. రెండోది: సుగాలీలు రాజస్థాన్ నుంచి వచ్చినోళ్లు, జన్యువులే చెప్తాండాయి, ఎస్టీ జాబితాలోంచి తీసెయ్యాలి. మూడోది మనోళ్లదే: "చూడండి, మా రంగు కల్తీ లేకుండా ఉంది. మేమే అసలు నేలబిడ్డలం, మిగతావాళ్లంతా వచ్చి చేరినోళ్లు."

మొదటి రెండు ఎవరు రాస్తారో, ఎందుకు రాస్తారో మనకు తెలుసు. నా గొడవ ఎక్కువగా మూడోదాంతోనే. ప్రొద్దుటూరు ఎరుకల వాడల్లో, పులివెందుల చుట్టుపక్కల సుగాలి తండాల్లో డిగ్రీ చదువుకున్న పిల్లలు దాన్ని గర్వంగా స్టేటస్ పెట్టుకుంటాండారు. గర్వం తప్పు కాదు. కానీ ఆ గర్వాన్ని మోయడానికి ఎంచుకున్న బండికి ఇరుసు లేదు. రేపు ఆ బండినే తిప్పి మన మీదికి తోల్తారు.

అందుకే ముందు ఆ బొమ్మ ఎట్లా తయారవుతుందో చూద్దాం. లెక్కలు రావని భయపడొద్దండి, కళ్లం తెలిసినోళ్లకు ఇది అర్థమవుతుంది.

మనిషి డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రపంచంలో ఏ ఇద్దరినైనా పక్కపక్కన పెడితే 99.9 శాతం ఒకటే. తేడా వచ్చే చోట్లలో కొన్ని లక్షలు ఎంచుకుని, ఈ మనిషికి ఇక్కడ ఏ అక్షరం ఉంది, ఆ మనిషికి ఏది ఉంది అని రాసుకుంటారు. ఆ పట్టికను కంప్యూటర్‌కు ఇచ్చి, "వీళ్లందర్నీ ఇన్ని మూలాల మిశ్రమంగా విడగొట్టు" అని అడుగుతారు. ఎన్ని మూలాలో చెప్పేది ఎవరు? పరిశోధకుడు. ఆ సంఖ్యను వాళ్లు "కె" అంటారు. కె రెండు అంటే రెండు రంగులు వస్తాయి. అయిదు అంటే అయిదు. ఏ సంఖ్య బాగా నప్పుతుందో చూసే లెక్కలు ఉన్నాయి, కాదనను. కానీ నప్పిన సంఖ్య అన్నంత మాత్రాన ఒకప్పుడు నిజంగా అన్ని జాతులు విడివిడిగా బతికినాయని కాదు.

కళ్లంలో శెనక్కాయల రాశి పోసి కూలోళ్లను పిలిచి "రెండు కుప్పలు చెయ్యండి" అంటే పెద్దవీ చిన్నవీ చేస్తారు. "మూడు" అంటే పుచ్చువి ఇంకో పక్కకు తీస్తారు. "ఆరు" అంటే తిట్టుకుంటానే ఆరు చేస్తారు. సాయంత్రం ఎవరో వచ్చి ఆ కుప్పల్ని లెక్కబెట్టి "ఈ చేన్లో ఆరు జాతుల విత్తనం వేసినారు" అని రాసుకుని పోతే ఏమంటాం?

ఇది నా ఊహ కాదు. 2002లో నోవా రోజెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ప్రపంచమంతా కలిపి 52 సముదాయాల మీద ఈ పని చేసినారు. కె అయిదు పెడితే దాదాపు ఖండాల వారీగా విడిపోయింది. ఆరు పెడితే ఆరో రంగు ఎవరికొచ్చిందో తెలుసా? పాకిస్తాన్ కొండల్లో కొన్ని వేలమందే ఉన్న కలాష్ తెగకు. ఆఫ్రికా ఒక రంగు, యూరప్ నుంచి మన దాకా ఒక రంగు, కొన్ని లోయల్లోని కలాష్‌లకు ఒక రంగు! కలాష్‌లు మానవజాతిలో ఆరో వంతు అనుకోవాల్నా? వాళ్లు చిన్న గుంపుగా, బయట పెళ్లిళ్లు లేకుండా చాలా కాలం ఉండిపోయినారు, అంతే.

ఈ "చిన్న గుంపు" సంగతి మనకు ప్రాణం లాంటిది, కొంచెం ఆగి చూడండి. కలగాపులగంగా ఉన్న పెద్ద మూట విత్తనాల్లోంచి ఒక పిడికెడు తీసుకుని విడిగా విత్తినారనుకోండి. ఆ పిడికిట్లో ఏవి ఎక్కువ పడినాయో అవే ఎక్కువగా మొలుస్తాయి. మళ్లీ దాంట్లోంచి పిడికెడు, మళ్లీ ఇంకో పిడికెడు. ముప్పై పంటల తర్వాత చూస్తే అదేదో వేరే రకం విత్తనంలా కనపడుతుంది. కొత్త రకం కాదు, పాతదే. పిడికిలి చిన్నది, అంతే తేడా. మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న గుంపుకు కంప్యూటర్ వెంటనే సొంత రంగు ఇచ్చేస్తుంది. చూసేవాడికి "కల్తీ లేని రక్తం" అనిపిస్తుంది.

2018లో డేనియల్ లాసన్, లూసీ వాన్ డోర్ప్, డేనియల్ ఫాలుష్ అనే ముగ్గురు ఈ బొమ్మల్ని ఎట్లా చదవకూడదో చెప్తూ ఒక వ్యాసమే రాసినారు. మూడు వేరువేరు చరిత్రలు కంప్యూటర్‌లో కల్పించి చూసినారు. ఒకదాంట్లో ఒక గుంపు ఇటీవలే మిగతావాటి కలయికతో పుట్టింది. ఇంకోదాంట్లో ఇప్పుడెక్కడా మిగల్లేని ఏదో గుంపుతో కలిసింది. మూడోదాంట్లో అసలు కలయికే లేదు, పక్క గుంపు ఒకటి బాగా చిన్నదైపోయింది. మూడింటికీ వచ్చిన రంగుల బొమ్మ దాదాపు ఒకటే. బొమ్మను చూసి చరిత్ర చెప్పడం కుదరదని ఆ పనిముట్టు మీద బాగా పట్టున్నోళ్లే చెప్తాంటే, మనం స్టేటస్‌లో తీర్పు చెప్పేస్తున్నాం.

ఇప్పుడు మన చరిత్రకు రండి. ఎస్టీ జాబితాలో ఎరుకల పేరు పక్కన ఏముందో ఎప్పుడైనా పూర్తిగా చదివినారా? కొరచ, దబ్బ ఎరుకల, కుంచపూరి ఎరుకల, ఉప్పు ఎరుకల. దబ్బ అంటే వెదురు దబ్బ, బుట్టలల్లేవాళ్లు. కుంచె అంటే మగ్గం మీద పడుగుకు గంజి పట్టించే కుంచె. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు లాంటి నేతగాళ్ల ఊళ్లలో ఆ పని లేకుంటే బట్టే లేదు. ఉప్పు అంటే ఉప్పే. సముద్రం పక్క నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చి మెట్ట ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. ఈ పేర్లల్లో రక్తం ఎక్కడుంది? పని ఉంది.

ఆ పని ఎట్లా పోయింది? మద్రాసు నుంచి బొంబాయికి రైలు మన ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగానే వేసినారు. సర్కారు ఉప్పు మీద పన్ను, ఉప్పు మీద గుత్త. 1876–78 కరువు మన జిల్లాను ఊడ్చిపెట్టింది. ఉప్పు మోసే ఎరుకలోళ్లు, ధాన్యం మోసే లంబాడీలు ఒక్క తరంలో దారి లేనోళ్లయినారు. తర్వాత దారిలో కనపడితే దొంగలన్నారు. 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చినారు. వేలిముద్రలు, రాత్రి హాజర్లు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో కొరవల గురించి ఇదంతా కాగితాలతో సహా చూపించింది. ఎరుకలోళ్ల పిల్లలు చదవాల్సిన పుస్తకం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాల. ఆ చట్టం ఒక్కటే మన జన్యువుల్ని మార్చేసిందని నేను అనను. రెండు మూడు తరాల్లో అంత మార్పు రాదు. దానికి ముందు వందల ఏళ్ల ఎడం ఉంది, ఊరి బయట గుడిసె ఉంది, వేరే కులం పిల్లను ఇవ్వరు, మనవాళ్లూ ఇవ్వరు. అన్నీ కలిసి మనల్ని పిడికెడు గుంపులుగా ఉంచినాయి. ఆ బొమ్మలో "కల్తీ లేని" రంగు ఎవరికన్నా వచ్చిందంటే, అది ఎడంగా పెట్టిన గుర్తు కూడా కావచ్చు. దాన్ని మెడలో పతకంలా వేసుకుందామా?

ఇక శాతాల సంగతి. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసాన్నే అందరూ వాడుకుంటారు. హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్, నిక్ ప్యాటర్సన్, మన హైదరాబాద్ సీసీఎంబీలోని లాల్‌జీ సింగ్, తంగరాజ్ కలిసి చేసినారు. 25 సముదాయాలు, 132 మంది మనుషులు, 5 లక్షల 60 వేల చోట్ల పోలిక. 132ను 25తో భాగించండి. గుంపుకు సగటున అయిదుగురు. ఆ లెక్క ప్రకారం దేశంలో చాలామంది రెండు పాత మూలాల మిశ్రమం. ఒకటి ఉత్తరపు మూలం, పశ్చిమాసియా, మధ్యాసియా, యూరప్ వాళ్లకు దగ్గర. ఇంకోటి దక్షిణపు మూలం, బయట ఎవరికీ దగ్గర కాదు.

ఇప్పుడు ఆ పట్టికలో మనవాళ్లను చూడండి. ఉత్తరపు మూలం మాలలకు సుమారు 39 శాతం, మాదిగలకు 41, చెంచులకు 41, వైశ్యులకు 46, వెలమలకు 55. నల్లమల చెంచు, మాదిగ ఒకే అంకె దగ్గర నిలబడినారు. ఎస్టీ ఒకరు, ఎస్సీ ఒకరు. వైశ్యులు అయిదు అడుగుల దూరంలో ఉన్నారు. జన్యువుల్లో తెగకూ కులానికీ మధ్య గీత గీయడం కుదరడం లేదని, కులాలు తెగల్లాంటి గుంపుల్లోంచే పుట్టినట్టుందని ఆ వ్యాసం రాసినవాళ్లే అన్నారు. అంతకు ముందు 2003లో తూమాస్ కివిసిల్డ్ బృందం చెంచుల మీద, కోయల మీద పనిచేసి, "ఆర్యుల గుర్తు" అని కొందరు చెప్పుకునే ఆర్‌1ఏ అనే తండ్రి వరస చెంచు మగవాళ్లలో నాలుగో వంతు మందిలో కనపడిందని రాసింది. "మేమే కల్తీ లేనోళ్లం" అనే తమ్ముడికి ఇది అడ్డం. "ఆదివాసి లేడు" అనేవాడికి కూడా ఇది సాయం చెయ్యదు, ఎందుకో కిందికి పోయినాక చెప్తా.

ఆ రెండు మూలాలకు పేర్లు ఎట్లా వచ్చినాయో రైక్ తన పుస్తకంలో దాచకుండా రాసినాడు. 2008 అక్టోబరులో ఆయన, ప్యాటర్సన్ హైదరాబాద్ వచ్చి తమ ఫలితాలు చూపించినారు. "పశ్చిమ యురేషియా నుంచి వలస" అనే మాటకు ఇక్కడి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. వాదన బాగా జరిగింది. చివరికి రాజీగా "పూర్వ ఉత్తర భారతీయులు", "పూర్వ దక్షిణ భారతీయులు" అనే పేర్లు పెట్టినారు. నేను వాళ్లను తప్పు పట్టడం లేదు, లెక్క మారలేదు, పేరే మారింది. కానీ మనం "సైన్స్ తేల్చేసిన" మాట అనుకునేది ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్న మాట అని తెలిసుండాల.

ఆ రెండు మూలాల లెక్క కూడా అట్లాగే నిలవలేదు. 2019లో వాఘీశ్ నరసింహన్ మొదలైనవాళ్లు 523 మంది పాతకాలపు మనుషుల ఎముకల డీఎన్‌ఏతో మళ్లీ లెక్క కట్టినారు. 2009లో ఒక మూలం అనుకున్న "దక్షిణపు" వాళ్లే అసలు మిశ్రమమని తేలింది: ఇరాన్ వైపు సంబంధమున్న సింధు ప్రాంతపు వాళ్లు, ఇక్కడి మరీ పాత వేటగాళ్లు కలిసినవాళ్లు. ఆ మరీ పాత వేటగాళ్ల ఎముక ఒక్కటి కూడా ఆ అధ్యయనంలో లేదు. మన ఎండకు ఎముకలో డీఎన్‌ఏ నిలవదు. రాఖీగఢీలో అరవై ఎముకల దాకా పరీక్షిస్తే ఒక్క ఆడమనిషిదే పనికొచ్చింది. అందుకని ఆ వేటగాళ్లను లెక్కలోంచి పునర్నిర్మించినారు, అండమాన్ వాళ్లను దగ్గరి బంధువులుగా పెట్టుకుని. పదుల వేల ఏళ్ల కింద విడిపోయిన బంధువులు. కనపడని మనిషిని నీడను బట్టి గీసినట్టు. గీసినవాళ్లు దాన్ని దాచలేదు. మన గ్రూపుల్లోకి వచ్చేసరికి ఆ నీడకే ఆధార్ కార్డు ఇచ్చేసినారు.

ఇట్లా రాస్తాంటే ఈ శాస్త్రమంతా బూటకం అంటున్నానని అనుకోవద్దు. దీంట్లో గట్టిగా నిలబడే సంగతులున్నాయి, అవి మనకు అవసరం కూడా. 2013లో ప్రియా మూర్జాని మొదలైనవాళ్లు 73 సముదాయాల్లో కలయిక ఎప్పుడు జరిగిందో లెక్క కట్టినారు. పద్ధతి సులువుగా చెప్తా. రెండు మూలాల వాళ్లకు పుట్టిన బిడ్డలో ఒక్కో మూలం నుంచి నిండు చీర పొడవు ముక్కలుంటాయి. ప్రతి తరంలో ఆ ముక్కలు తెగి కలగలుస్తాయి. చీర తువ్వాలవుతుంది, తువ్వాలు పేలికవుతుంది. ఇప్పుడున్న పేలికల పొడవు కొలిస్తే ఎన్ని తరాల కింద కలిసినారో తెలుస్తుంది. తరానికి 29 ఏళ్లు అని వాళ్లు వేసుకున్నారు. వచ్చిన జవాబు: 1,900 నుంచి 4,200 ఏళ్ల మధ్య. అంటే ఆ కాలంలో ఈ దేశంలో అందరూ అందర్తో కలిసినారు. దూరంగా ఉన్నారనుకునే తెగలు కూడా. తర్వాత ఆగిపోయింది. తలుపులు మూసుకున్నారు. కులాంతర పెళ్లిళ్లు సంప్రదాయం కాదు అనేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు ఏ కవీ చెప్పలేడు. (దీంట్లోనూ ఒక మెలిక ఉంది. కలయిక పలుమార్లు జరిగితే ఈ కొలత ఎక్కువగా ఆఖరి కలయిక వైపే మొగ్గుతుంది.)

తలుపులు మూసుకున్నదానికి ఆ పరిశోధకులు ఎక్కువగా చూపించే ఉదాహరణ ఎవరో తెలుసా? ఆంధ్ర వైశ్యులు. మన ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో కూర్చునే శెట్లు. రెండు నుంచి మూడు వేల ఏళ్ల కింద కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, అప్పట్నించి తరానికి నూటికి ఒకరు కూడా బయటివాళ్లు కలవకుండా ఉన్నారని లెక్క. దీని వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. దాన్ని ఒంట్లో కరిగించే ఎంజైము కొందరికి తక్కువ, వైశ్యుల్లో ఎక్కువమందికి. వాళ్లకు ఆ మందిస్తే గంటల కొద్దీ ఊపిరి తీసుకోలేరు. ఇది తెలిసిన డాక్టర్ ముందే అడిగి వేరే మందు ఇస్తాడు. ప్రాణం నిలుస్తుంది. జన్యుశాస్త్రం చెయ్యాల్సిన పని అంటే ఇదీ.

ఇప్పుడు ఒక పోలిక. వైశ్యులకు వాసవీ కన్యకాపరమేశ్వరి కథ ఉంది. 714 గోత్రాల్లో 102 గోత్రాల వాళ్లు అమ్మవారితో నిలబడినారని, అక్కణ్నించే తాము మొదలైనామని. ఆ కథ నడిచేది మధ్యయుగంలో. జన్యువుల గడియారం దానికి వెయ్యేళ్లకు పైగా వెనక్కి చూపిస్తుంది. ఎవరన్నా ప్రొద్దుటూరు దసరా రోజు అమ్మవారిశాల ముందు నిలబడి "మీ కథకూ మీ డీఎన్‌ఏకూ తేదీ కుదరలేదు, ఊరేగింపు ఆపండి" అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. కథ వాళ్లది, నమ్మకం వాళ్లది. మరి సుగాలి తండాకు వచ్చేసరికి సేవాలాల్ కథను, పాటల్లోని రాజస్థాన్‌ను పట్టుకుని "మీరు వలసోళ్లు, ఎస్టీ ఎట్లవుతారు" అని ఎందుకడుగుతాండారు? పోగొట్టుకోవడానికి ఆస్తి ఉన్నవాడి కథకు నైవేద్యం, సర్టిఫికెట్ తప్ప ఏమీ లేనోడి కథకు రక్తపరీక్షా?

సుగాలీలు ఎక్కణ్నించి వచ్చినారో ఎప్పుడూ దాచుకోలేదు. గోర్ బోలి ఉత్తరాది భాషల కుటుంబం, ఇంట్లో మాట్లాడుతానే ఉన్నారు. ఎరుకలోళ్ల ఇంటి బాస తమిళానికి దగ్గర, దాన్నీ దాచలేదు. ఎద్దుల బిడారులతో దక్కనుకు సైన్యాల వెంట ధాన్యం మోసినారని చరిత్ర పుస్తకాల్లో ఉంది. దాన్ని తేల్చడానికి సూది అక్కర్లేదు. అసలు ప్రశ్న వేరే. ఎస్టీ అంటే చట్టంలో అర్థం ఏంది? రాజ్యాంగం 342వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితా, దాన్ని మార్చే అధికారం పార్లమెంటుది. 1965లో లోకూర్ కమిటీ అయిదు గుర్తులు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా బతకడం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనకబాటు. ఆ మాటల్లో కొన్ని నాకు నచ్చవు, "ఆదిమ" అనేది ముఖ్యంగా. నచ్చకపోయినా ఒకటి చూడండి: ఆ అయిదిట్లో "ముందు వచ్చినోళ్లు" అని లేదు. రక్తం లేదు. జన్యువు లేదు. 2023లో సుప్రీం కోర్టు ఇంకా ముందుకు పోయింది. ఆచారాలు, పద్ధతులు సరిపోతాయా లేదా అని చూసే పరీక్షనే తెగను తేల్చే ఏకైక గీటురాయిగా పెట్టొద్దని చెప్పింది. దేవుడి పేరు, పెళ్లి పద్ధతి అడగడమే చాలదంటే, చెంపలోంచి తీసిన లాలాజలం చాలుతుందా?

అందుకే అన్నాను, చెంచుల్లో ఆర్‌1ఏ ఉందని "ఆదివాసి లేడు" అనేవాడికి ఏమీ ఒరగదని. 2021 జులైలో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ భారతీయులందరి డీఎన్‌ఏ ఒకటేనన్నారు. ఇంగ్లీషోడిదీ మనదీ కూడా 99.9 శాతం ఒకటే, అంతమాత్రాన కలెక్టర్ దొర మన మామ అయినాడా? అందరం కలిసినామన్న మాట నిజం. కలిసిన తర్వాత ఎవరి అడవి ఎవరు తీసుకున్నారు, ఎవర్ని ఊరి బయట పెట్టినారు, ఎవరి పేరు పోలీసు రిజిస్టర్లో పుట్టుకతోనే రాసినారు అనేదే ఆదివాసి ప్రశ్న. "వనవాసి" అని పేరు మార్చినంత మాత్రాన ఆ ప్రశ్న పోదు.

తెలంగాణలో 2017 నుంచి గోండు, కోయ సంఘాలకూ లంబాడీ సంఘాలకూ మధ్య నడుస్తున్న గొడవ గురించి మనం ఇక్కడ కూర్చుని మాట్లాడేటప్పుడు నోరు జాగ్రత్తగా పెట్టుకోవాల. 1976 సవరణతో తెలంగాణ లంబాడీలు జాబితాలోకి వచ్చిన తర్వాత ఉద్యోగాల్లో, సీట్లలో తమ వాటా అందడం లేదన్న గోండు అన్న బాధ ఉత్త బాధ కాదు. దాన్ని వాటా లెక్కలతో, భూమి లెక్కలతో మాట్లాడుకోవాల. "నీ జన్యువు చూపించు" అన్న రోజు ఆ గొడవ ఇక ఎప్పటికీ తెగదు, ఎందుకంటే జన్యువుల్లో ఆ గీత లేదు. మన కడపలో సంగతి ఇంకా పల్చన. 2011 లెక్కల్లో ఎస్టీలు జిల్లాలో వందకు ముగ్గురు కూడా లేరు. షెడ్యూల్డ్ ఏరియా ఒక్క ఊరు కూడా లేదు, 1/70 చట్టం మనకు వర్తించదు. ఇంత కొద్దిమందిమి ఎరుకల, సుగాలి, యానాది, చెంచు అని రక్తం కొలుచుకుంటే, చివరికి తాసిల్దార్ ఆఫీసు మెట్ల మీద ఒక్కొక్కరమే నిలబడాల్సొస్తుంది.

రక్తం కొలవడం మనకు కొత్త కూడా కాదు. 1901 సెన్సస్ కమిషనర్ హెర్బర్ట్ రిస్లే ముక్కు వెడల్పు కొలిచి కులం ఎత్తు చెప్పొచ్చన్నాడు. మద్రాసు మ్యూజియంలో ఎడ్గర్ థర్‌స్టన్ తలల చుట్టూ, ముక్కుల మీద కొలకర్రలు పెట్టి 1909లో ఏడు సంపుటాలు అచ్చేసినాడు. ఆయనే పోలీసోళ్లకు ఈ కొలతల విద్య మీద పాఠాలు చెప్పినాడు. ఇప్పటి జన్యుశాస్త్రజ్ఞులు రిస్లేలు కాదు. చాలామంది జాతి అనే మాటకు బద్ధ వ్యతిరేకులు. కానీ కొలిపించుకునేవాడు అప్పుడూ మనమే, ఇప్పుడూ మనమే. కాగితం ఎక్కడికి పోతుందో మనకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

అండమాన్‌లో ఒంగే తెగ వాళ్లు ఇప్పుడు వందమంది చుట్టూ ఉన్నారు. 2009 నుంచి దక్షిణ భారత చరిత్ర మీద వచ్చిన పెద్ద లెక్కల్లో వాళ్ల డీఎన్‌ఏ ఆధారం. కోట్లమంది చరిత్ర రాయడానికి వందమంది రక్తం. ఆ వ్యాసాల్లో ఏముందో వాళ్ల బాసలో వాళ్లకు ఎవరన్నా చెప్పినారా? ఈ ప్రశ్న అడగడానికి శాస్త్రవ్యతిరేకి కానక్కర్లేదు. అమెరికాలో అరిజోనాలో హవసుపాయి తెగ అడిగింది. 1990 నుంచి షుగర్ జబ్బు పరిశోధన అని రక్తం తీసుకుని, దాంతోనే మానసిక జబ్బుల మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నించి వలస వచ్చినారనే దాని మీద పనిచేసినారని తెలిసి కోర్టుకు పోయినారు. తాము ఆ లోయలోనే పుట్టినామన్నది వాళ్ల నమ్మకం. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లకు రాజీ పడింది, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో పరిశోధకులకు తామే నియమావళి రాసిచ్చినారు. మన దగ్గర అట్లాంటి కాగితం ఏ సంఘం రాసింది? మనమూ రాయలేదు.

ఇంకో పక్క, మేలు కావాలంటే మనమే అడగాల. 2017లో నాథన్ నకత్సుకా, తంగరాజ్, రైక్ మొదలైనవాళ్లు దక్షిణాసియాలో 263 సముదాయాలు చూస్తే, అందులో 81 గుంపులు కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టిన ముద్ర ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఎక్కువ మోస్తున్నాయని తేలింది. అట్లాంటి గుంపుల్లో అరుదైన జబ్బులు ఎక్కువగా బయటపడతాయి. యూదులు తమ సంఘం తరఫునే పెళ్లికి ముందు పరీక్షలు పెట్టుకుని ఒక పిల్లల జబ్బును దాదాపు లేకుండా చేసుకున్నారు. మేనరికాలు మనకూ ఉన్నాయి. తండాలో వరసగా ఇద్దరు పిల్లలు ఒకే రకంగా చచ్చిపోతే "శాపం" అని ఊరుకుంటాం. "అసలు మూలవాసి ఎవరు" అనే బొమ్మకు వంద షేర్లు పడతాయి; "మా తండా పిల్లలకు ఏం జబ్బు ఉందో చూడండి" అని జిల్లా ఆస్పత్రికి పెట్టిన అర్జీ ఒక్కటన్నా మన పేజీలో చూసినారా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ స్టేటస్ తీసెయ్యండి. నన్ను తిట్టుకున్నా సరే, తీసెయ్యండి. రేపు ఎవరన్నా తెల్లకోటు వేసుకుని జమ్మలమడుగు వైపు వాడకో, పులివెందుల వైపు తండాకో వచ్చి చెంప లోపల దూది తిప్పుతామంటే, తరిమెయ్యొద్దు. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. తర్వాత అడగండి. ఇది ఏ జబ్బు కోసం, ఏ ప్రశ్న కోసం? ఇంకో ప్రశ్నకు వాడాలంటే మళ్లీ వచ్చి అడుగుతారా? మధ్యలో వద్దంటే వెనక్కి ఇస్తారా? ఫలితం వచ్చినాక గోర్ బోలిలోనో, మా ఇంటి బాసలోనో మా అవ్వకు అర్థమయ్యేట్టు ఎవరు చెప్తారు? సంతకం ఒక్క మనిషిది చాలుతుందా, తండా నాయక్‌ను, ఆడోళ్లను కూర్చోబెట్టి మాట్లాడతారా? సమాధానాలు కాగితం మీద రాయించుకోండి.

ఆఖర్న ఆ ఫారంలో "సముదాయం" అని ఒక గడి ఉంటుంది. అది ఎవరు నింపుతున్నారో చూడండి. "ఎరుకల" అని ఒక్క మాట రాసుకుని పోతారు. దబ్బ ఎరుకలా, ఉప్పు ఎరుకలా, కుంచపూరి ఎరుకలా అని అవ్వను అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించండి.